2007 వ్యాగన్ ఆర్‌కు ఏ కోడ్ రీడర్ కొనాలి? తెప్పించుకున్న అడాప్టర్ కనెక్ట్ కావడం లేదు

పాతవ్యాగన్_బెజవాడ
మా నాన్నగారు 2007లో కొన్న మారుతి వ్యాగన్ ఆర్ పెట్రోలు బండిని ఇప్పుడు నేను నడుపుతున్నాను. మూడు నెలలుగా చెక్ ఇంజిన్ లైటు ఒకరోజు వెలుగుతోంది, రెండు రోజులు ఆరిపోతోంది. ఎండలో అరగంట తిరిగాక సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజిన్ దానంతట అదే ఆగిపోతుంది. పది నిమిషాలు బానెట్ ఎత్తి ఉంచితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. రెండు షెడ్లలో చూపించాను. రెండు చోట్లా స్కానింగ్‌కని ఐదు వందలు తీసుకున్నారు, బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపపు కోడ్ ఏమిటో చెప్పకుండానే చెరిపేశారు. మొదటి షెడ్డులో ప్లగ్గులు మార్చారు, రెండో షెడ్డులో పెట్రోలు పంపు మార్చారు. జబ్బు మాత్రం అలాగే ఉంది.

కోడ్ నేనే చదువుకుందామని 450 రూపాయలు పెట్టి బ్లూటూత్ అడాప్టర్ తెప్పించాను. స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల సాకెట్‌లో అది చక్కగా కూర్చుంది, దాని ఎర్రలైటు వెలిగింది, ఫోనుతో జత కూడా కలిసింది. కానీ యాప్ తెరిస్తే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) స్పందించడం లేదని చూపిస్తోంది. ఇంతకంటే ఖరీదైనది కొంటే పని చేస్తుందా? చేతిలో పట్టుకుని చూసే రీడర్ మంచిదా, ల్యాప్‌టాప్‌కు తగిలించే కేబుల్ మంచిదా? మళ్లీ డబ్బు పోగొట్టుకునే ముందు తెలిసినవారి మాట వినాలనుకుంటున్నాను.

తొలికారు
నా 2016 బండికి ఇలాంటి అడాప్టరే వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. మీకు వచ్చినది లోపమున్న వస్తువు అయి ఉంటుంది. వాపసు ఇచ్చి అదే రకం ఇంకొకటి తెప్పించుకోండి.

కె_లైన్
తొలికారు గారు చెప్పినట్లు చేస్తే రెండోది కూడా పని చేయకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. సాకెట్ ఆకారం ఒకటే అయినంత మాత్రాన లోపల మాట్లాడే భాష ఒకటే కాదు. పాత బండికి రీడర్ కొనే ప్రతివారూ మొదట తెలుసుకోవలసిన సంగతి ఇదే.

అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నింటికీ ఓబీడీ 2, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి ఏ రీడర్‌కైనా ఒకే భాషలో చెప్పే పద్ధతి, తప్పనిసరి అయింది. ఐరోపాలో పెట్రోలు కార్లకు అది 2001లో వచ్చింది. మన దేశంలో బీఎస్ 4 పొగ ప్రమాణాల బండ్లకు ఓబీడీ మొదటి దశ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాయి. బీఎస్ 4 కూడా 2010లో హైదరాబాద్‌తో సహా 13 నగరాలకే పరిమితమైంది, దేశమంతటికీ 2017 ఏప్రిల్‌లో వర్తించింది. అంటే 2007లో బెజవాడలో అమ్మిన బండి అందరికీ అర్థమయ్యే ఓబీడీ 2 భాషలో జవాబు చెప్పాలన్న నియమమేదీ అప్పటికి మన దగ్గర లేదు. తయారీదారు తన సర్వీసు కేంద్రాల్లోని పరికరం కోసం సొంత పద్ధతిని పెట్టుకునేవాడు. సాకెట్‌ను మాత్రం ప్రపంచమంతటా వాడే 16 పిన్నుల ఆకారంలోనే బిగించేవాడు. మీ అడాప్టర్‌లో లైటు వెలగడం వల్ల తెలిసేదల్లా సాకెట్‌కు కరెంటు వస్తోందన్న ఒక్క విషయమే.

ఒక చిన్న పరీక్ష చేయండి. టార్చిలైటుతో సాకెట్ లోపలికి చూసి ఏయే స్థానాల్లో లోహపు పిన్నులు ఉన్నాయో రాయండి. వెడల్పు వైపు పై వరుసలో ఎడమ నుంచి 1 మొదలై 8 వరకు, కింది వరుసలో 9 నుంచి 16 వరకు లెక్క. 4, 5 ఎర్తు. 16 బ్యాటరీ కరెంటు. 7లో పిన్ను ఉండి 6, 14 ఖాళీగా ఉంటే అది కె లైన్ బండి, అంటే ఒకే తీగ మీద నెమ్మదిగా మాట్లాడే పాత పద్ధతి. 6, 14 రెండూ ఉంటే రెండు తీగల మీద వేగంగా మాట్లాడే క్యాన్ పద్ధతి అయ్యే అవకాశం ఎక్కువ. 2లో పిన్ను ఉంటే అది పాత అమెరికన్ బండ్ల పద్ధతి, మన దగ్గర దాదాపు కనిపించదు.

పాతవ్యాగన్_బెజవాడ
చూశాను. 4, 5, 7, 16 స్థానాల్లో పిన్నులు ఉన్నాయి. 6, 14 రెండూ ఖాళీ. మల్టీమీటరుతో 4కూ 16కూ మధ్య కొలిస్తే 12.4 వోల్టులు వచ్చింది.

రాణీగంజ్_కౌంటర్
విడిభాగాల వ్యాపారంలో ఉన్నాను కనుక ఒక మాట చెబుతాను. ఫోను అడాప్టర్లు తిరిగి వచ్చినంతగా చేతి రీడర్లు తిరిగి రావు. తెర, మీటలు, తీగ అన్నీ ఒకే వస్తువులో ఉంటాయి, యాప్ గొడవ ఉండదు, బ్లూటూత్ కలవడం లేదన్న బాధ ఉండదు. రెండు మూడు వేలు పెట్టి మంచి చేతి రీడర్ తీసుకుంటే పదేళ్లు వాడుకోవచ్చు.

కె_లైన్
మన్నిక విషయంలో రాణీగంజ్_కౌంటర్ గారితో ఏకీభవిస్తాను. కానీ ఈ బండికి ఆ సలహా సరిపోదు. ఆ ధరలో దొరికే చేతి రీడర్లలో చాలా వరకు ప్రామాణిక ఓబీడీ 2 పద్ధతులను మాత్రమే ప్రయత్నించి, జవాబు రాకపోతే లింకు లేదని చెప్పి ఆగిపోతాయి. లోపల ఏమీ మార్చుకునే వీలు ఉండదు. 2013 తర్వాతి బండి అయితే నేను కూడా చేతి రీడరే కొనమనేవాడిని. అంతకుముందు బండికి మాత్రం, పెట్టె మీద మీ మోడల్ పేరూ సంవత్సరమూ స్పష్టంగా ఉంటేనే, అదీ దుకాణం ముందు బండి ఆపి తగిలించి చూశాకే డబ్బు చెల్లించాలి.

కె లైన్‌లో ప్రామాణిక పద్ధతి ఎలా మొదలవుతుందో చెబితే మీ అడాప్టర్ ఎందుకు విఫలమైందో అర్థమవుతుంది. రీడర్ ముందుగా సెకనుకు 5 బిట్ల చొప్పున చాలా నెమ్మదిగా ఒక చిరునామాను పంపుతుంది. ఆ ఒక్క పలకరింపుకే సుమారు రెండు సెకన్లు పడుతుంది. ప్రామాణిక చిరునామాతో పిలిస్తే ఓబీడీ 2 తెలిసిన ఈసీయూ పలుకుతుంది. సొంత పద్ధతి ఉన్న ఈసీయూ ఆ పిలుపును పట్టించుకోదు, దానిని దాని చిరునామాతో, దాని సందేశపు తలకట్టుతో (ఎవరు ఎవరికి పంపుతున్నారో చెప్పే మొదటి భాగంతో) పిలవాలి. అందుకు రెండు కావాలి. తలకట్టును మార్చే ఆదేశాలను నిజంగా పాటించే అడాప్టర్ ఒకటి, ఆ తయారీదారు భాష తెలిసిన యాప్ ఒకటి. సుజుకీ బండ్లకు ఎస్‌జెడ్ వ్యూయర్ అనే ఆండ్రాయిడ్ యాప్ ఉంది. కె లైన్ మీదా, క్యాన్ మీదా సుజుకీ సొంత భాషలో మాట్లాడటానికే దాన్ని రాశారు. మీరు వాడిన సాధారణ యాప్‌ను పక్కన పెట్టి, కొత్తది కొనే ముందు ఇప్పుడున్న అడాప్టర్‌తోనే దీన్ని ఒకసారి ప్రయత్నించండి. ఖర్చు ఏమీ లేదు.

పాతవ్యాగన్_బెజవాడ
ప్రయత్నించాను. అడాప్టర్ కొన్ని ఆదేశాలను గుర్తించడం లేదని చూపించి ఆగిపోయింది. పెట్టె మీద వెర్షన్ 2.1 అని ఉంది. కొత్త వెర్షనే కదా అని తీసుకున్నాను.

కె_లైన్
ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. ఇలాంటి అడాప్టర్లలో ఉండే ఈఎల్ఎమ్ 327 అనే చిప్పును కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసింది. మొదటి వెర్షన్‌లో కోడును కాపీ చేయకుండా రక్షణ పెట్టలేదు కాబట్టి దాని నకళ్లు లోకమంతా పాకాయి. ఆ సంస్థ 2022లో మూతపడింది, నకళ్లు మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అసలు సంస్థ 1.5 అనే వెర్షన్‌ను ఎన్నడూ విడుదల చేయలేదు. కనుక 1.5 అని రాసి ఉన్నది కచ్చితంగా నకలే. అయినా 1.5 అని చెప్పుకునే నకళ్లలో కొన్ని చాలా ఆదేశాలను పాటిస్తాయి, 2.1 అని రాసి చౌకగా అమ్మే చిన్న అడాప్టర్లలో ఎక్కువ భాగం ఆదేశాలను కోసిపారేసి తయారైనవే. పెద్ద అంకె చూసి కొనడం ఈ వస్తువు విషయంలో పొరపాటు.

అమ్మేవారిని వెర్షన్ అడగకండి. లోపలి చిప్పు ఏదని అడగండి. 25కె80 అనే మైక్రోకంట్రోలర్ ఉన్నదని చెప్పి, లోపలి బోర్డు ఫోటో చూపించగలిగిన దుకాణం దగ్గర తీసుకోండి. ఇంకొంచెం పెట్టగలిగితే ఓబీడీలింక్, వీలింకర్ వంటివి సొంత చిప్పులతో, నిజంగా పని చేసే ఆదేశాలతో వస్తాయి. ఏది కొన్నా వాపసు తీసుకునే షరతు ఉండాలి.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్
పాతవ్యాగన్ గారూ, నేను ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా బండ్ల వైరింగ్ పని చేస్తున్నాను. ఐదు వందలు తీసుకున్నందుకు ఆ షెడ్డువారిని తప్పు పట్టను. అన్ని కంపెనీల బండ్లకూ పనికొచ్చే పెద్ద స్కానర్ ధర మామూలు షెడ్డువాడికి మోయలేనంత ఉంటుంది, ఆపైన ఏటేటా అప్‌డేట్‌కు మళ్లీ కట్టాలి. కానీ కోడ్ రాసి ఇవ్వకుండా చెరిపేయడం మాత్రం తప్పే. కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, స్పీడు ఎంత, లోడు ఎంత అన్నది చాలా బండ్లలో కోడ్‌తో పాటు నిలిచి ఉంటుంది. చెరిపేస్తే అది కూడా పోతుంది. మీ జబ్బు వేడిలోనే వస్తోంది కాబట్టి ఆ వివరమే మీకు అన్నింటికంటే విలువైనది.

రీడర్ కొనేటప్పుడు అందరూ ఎన్ని కోడ్‌లు చదువుతుందని అడుగుతారు. నేనైతే లైవ్ డేటా చూపిస్తుందా అని అడుగుతాను. కోడ్ అంటే జరిగిపోయినది. లైవ్ డేటా అంటే ఇప్పుడు జరుగుతున్నది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం అంకె సున్నా దగ్గరే ఉండిపోతే ఇంజిన్ తిరుగుతున్న సంగతి ఈసీయూకు అందడం లేదన్నమాట. ఆ ఒక్క అంకె చూసి పెట్రోలు పంపు జోలికి పోకుండా మిగిలిన బండ్లు నా దగ్గర చాలా ఉన్నాయి.

ఇంకొకటి, స్కానింగ్‌కు ముందు బ్యాటరీ చూసుకోండి. బ్యాటరీ నీరసించి ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ పడిపోయి, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు ఒక్కసారే వస్తాయి. ఎర్తు వైరు తుప్పు పట్టినా అంతే.

గోదారమ్మాయి
ఎలక్ట్రీషియన్ గారి మాటలో సగంతో ఏకీభవించలేను. కోడ్ రాసి ఇవ్వకపోవడం, డబ్బు తీసుకోవడం రెండూ వేరు వేరు విషయాలు కావు. నేను డబ్బు ఇస్తున్నది ఆ సమాచారానికే. మా ఊళ్లో ఒక షెడ్డులో కోడ్ అడిగితే మీకు అర్థం కాదమ్మా అన్నారు. ఆ రోజు నుంచి డాష్‌బోర్డులో ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. తేదీ, కిలోమీటర్లు, కోడ్, మార్చిన భాగం, దాని ధర రాసి, మెకానిక్ చేత చిన్న సంతకం పెట్టించుకుంటున్నాను.

మాది 2001 హోండా సిటీ. ఇంత పాత బండికి రీడరే అక్కరలేదు. ముందు సీటు పక్కన కార్పెట్ వెనుక ఉన్న రెండు పిన్నుల సర్వీస్ చెక్ కప్లర్‌ను (వైర్లు కలిపే ప్లగ్గును) చిన్న తీగతో కలిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటే మిణుకుతూ కోడ్ చెబుతుంది. పొడవైన మిణుకు పదికి లెక్క, చిన్న మిణుకు ఒకటికి లెక్క. మా బండిలో ఏడు చిన్న మిణుకులు వచ్చాయి, అంటే త్రాటిల్ పొజిషన్ సెన్సార్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే మూత ఎంత తెరుచుకుందో చెప్పేది). అదే నిజమైంది.

కె_లైన్
గోదారమ్మాయి గారు చెప్పిన మిణుకు పద్ధతి 1990ల నాటి జపాన్ బండ్లలో చాలా వాటిలో ఏదో ఒక రూపంలో ఉంది. సుజుకీ పాత బండ్లలో 12 అని మిణికితే లోపమేదీ నమోదు కాలేదని అర్థం. టయోటాల్లో 16 పిన్నుల సాకెట్‌లోనే 4, 13 కలపాలి. కాకపోతే అది ఏ కప్లరో, ఏ పిన్నులో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోకుండా తీగ పెట్టవద్దు. అదే సాకెట్‌లోని 16లో ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది, అది ఎర్తుకు తగిలితే ఫ్యూజు పోవడంతో ఆగకపోవచ్చు.

పంట_కాలువ
మా బావగారి పాత ఇండికా డీజిల్‌కు రీడర్ కొనబోయి ఆగిపోయాను. ఆ ఇంజిన్‌లో డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్, దాన్ని నడిపించే కంప్యూటరే లేదు. చదవడానికి కోడ్ ఎక్కడి నుంచి వస్తుంది? అయినా దుకాణంలో అన్ని బండ్లకూ పని చేస్తుందని చెప్పి అంటగట్టబోయారు. పాత డీజిల్ బండి ఉన్నవారు కంప్యూటర్ నడిపే కామన్ రైలా, మెకానికల్ పంపా అన్నది ముందు తేల్చుకోవాలి.

అలాగే లారీల్లో 24 వోల్టులు ఉంటాయి. కారు కోసం చేసిన అడాప్టర్‌ను అక్కడ తగిలించి మా తమ్ముడు కాల్చేశాడు.

ఫిగో_గుంటూరు
మాది 2011 ఫిగో. 2021లో ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించినప్పటి నుంచి, చిన్న లోపమైనా సొంతంగా తెలుసుకోగలగాలన్న పట్టుదల మా బోటివారికి పెరిగింది. మా బండిలో ఇంజిన్ కోడ్‌లు ఏ రీడర్‌తోనైనా వచ్చేస్తాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగితే మాత్రం సాధారణ రీడర్ ఏమీ చెప్పదు, ఎందుకంటే ప్రామాణిక ఓబీడీ పొగకు సంబంధించిన లోపాల కోసం పుట్టినది. ఫోర్డ్ బండ్లకు ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ బండ్లలో వేగంగా నడిచే క్యాన్ 6, 14 పిన్నుల మీద ఉంటుంది, నెమ్మదిగా నడిచే రెండోది ఉంటే అది 3, 11 మీద ఉంటుంది. రెండింటి మధ్య మారగలిగే అడాప్టర్ కొన్నాను. ఎయిర్‌బ్యాగ్ లైటు సీటు కింద వదులైన కప్లర్ వల్ల వెలుగుతోందని దానితోనే పట్టుకున్నాను.

కాబట్టి పాతవ్యాగన్ గారూ, ఇంజిన్ ఒక్కటేనా, ఏబీఎస్ కూడా చూడాలా అన్నది ముందే నిర్ణయించుకోండి. ఆ ఒక్క ప్రశ్నతో ఎంపికలు సగానికి తగ్గుతాయి.

పాతవ్యాగన్_బెజవాడ
మా బండిలో ఏబీఎస్ గానీ, ఎయిర్‌బ్యాగులు గానీ లేవు. ఇంజిన్ ఒక్కటే చాలు.

లీనియా_హైదరాబాద్
ఫిగో_గుంటూరు గారి మాట మా ఫియట్ వాళ్లకు కూడా అక్షరాలా వర్తిస్తుంది. మేము మల్టీఈసీయూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాం. బండిలోని కొన్ని కంప్యూటర్ యూనిట్లు సాకెట్‌లో వేరే పిన్నుల మీద ఉంటాయి కనుక వాటికి విడిగా రంగురంగుల మార్పిడి తీగలు కొనవలసి వచ్చింది. ల్యాప్‌టాప్ కేబుల్ మోసుకెళ్లడం కష్టమే, కానీ తయారీదారు భాష తెలిసిన సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ బండి ఇంకో పదేళ్లు మన చేతిలో ఉంటుందన్న ధైర్యం కలుగుతుంది. రీడర్‌కు ముందు సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోండి, ఆ సాఫ్ట్‌వేర్ ఏ అడాప్టర్‌ను అడుగుతుందో అదే కొనండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

డాలస్_కరోలా
ఇక్కడ అమెరికాలో నా దగ్గర 2003 కరోలా ఉంది. 1996 తర్వాతి బండి కాబట్టి ఇరవై డాలర్ల రీడర్ కూడా చక్కగా చదువుతుంది, విడిభాగాల దుకాణాల్లో చాలా చోట్ల ఉచితంగానే చదివి చెబుతారు. మా కౌంటీలో రిజిస్ట్రేషన్‌కు ముందు పొగ పరీక్ష ఉంది. చెక్ ఇంజిన్ లైటు ఆర్పడానికి కోడ్ చెరిపేసి నేరుగా పరీక్షకు వెళ్లి తిరిగి వచ్చాను. కోడ్ చెరిపితే ఈసీయూ తనను తాను సరిచూసుకునే పరీక్షలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. 2001, ఆ తర్వాతి బండ్లలో వాటిలో ఒకటి కంటే ఎక్కువ పూర్తికాకుండా ఉంటే పరీక్షకు తీసుకోరు. నాలుగైదు రోజులు మామూలుగా తిరిగాకే అవి పూర్తయ్యాయి. అందుకే ఆ పరీక్షల స్థితిని చూపించే రీడర్ కొనమని ఇక్కడి మనవారందరికీ చెబుతున్నాను.

తొలికారు
ఐఫోను ఉన్నవారికి ఏది మంచిది? నా అడాప్టర్ మా ఆవిడ ఐఫోనుతో కలవడం లేదు.

కె_లైన్
పాత రకం బ్లూటూత్ అడాప్టర్లు ఐఫోనులోని యాప్‌లతో పని చేయవు. వైఫై అడాప్టర్ గానీ, తక్కువ శక్తి బ్లూటూత్ ఉన్నది గానీ తీసుకోవాలి. కానీ నేను పైన చెప్పిన సుజుకీ యాప్ ఆండ్రాయిడ్‌ది, కాబట్టి పాత మారుతి ఉన్నవారు ఇంట్లో పక్కన పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోనును దీని కోసం కేటాయించుకుంటే మేలు.

పాతవ్యాగన్_బెజవాడ
పది రోజుల తర్వాత రాస్తున్నాను. మొదటి అడాప్టర్ వాపసు చేశాను. కె_లైన్ గారు చెప్పినట్లు బోర్డు ఫోటో అడిగి, 25కె80 చిప్పు ఉన్నదాన్ని 1,350 రూపాయలకు కొన్నాను. ఎస్‌జెడ్ వ్యూయర్ తెరిచి కె లైన్ ఎంచుకున్నాను. మొదటి ప్రయత్నంలో కలవలేదు. ఇగ్నిషన్ ఆపి, పది సెకన్లు ఆగి, మళ్లీ ఆన్ చేశాక కలిసింది. ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం, బ్యాటరీ వోల్టేజీ అంకెలు కదులుతుంటే కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. పద్దెనిమిదేళ్లుగా మా ఇంట్లో ఉన్న బండి మొదటిసారి మాతో మాట్లాడినట్లు అనిపించింది.

కోడ్ ఒక్కటే ఉంది, పీ0340. చెరపలేదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

తొలికారు
పీ0340 అంటే కామ్ పొజిషన్ సెన్సార్, వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ ఏ స్థితిలో ఉందో ఈసీయూకు చెప్పేది. ఆ సెన్సార్ మార్చేయండి, పని అయిపోతుంది.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్
దయచేసి వెంటనే మార్చవద్దు. ఆ కోడ్‌కు పూర్తి అర్థం కామ్ పొజిషన్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం అని. సర్క్యూట్ అన్న మాటలో సెన్సార్, దాని కప్లర్, అక్కడి నుంచి ఈసీయూ దాకా వెళ్లే వైర్లు, ఎర్తు అన్నీ ఉన్నాయి. ఈసీయూకు తెలిసేది సిగ్నల్ సరిగా రావడం లేదని మాత్రమే. ఎందుకు రావడం లేదో చూడవలసినది మనం. ప్లగ్గులు, పంపు మార్చినట్లే ఇప్పుడు సెన్సార్ కూడా మారిస్తే, అది కోడ్ చూసి చేసిన పనే అయినా మళ్లీ ఊహే అవుతుంది.

కప్లర్ ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేయండి. మూడు వైర్లు ఉంటాయి. ఒకదానిలో సప్లై రావాలి. ఒకటి ఎర్తు, దానికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలిస్తే దాదాపు సున్నా వోల్టులు రావాలి. మూడోది సిగ్నల్. అవి బాగుంటే కప్లర్ తిరిగి పెట్టి, బండి ఐడ్లింగ్‌లో ఉండగా ఆ వైర్లను జాగ్రత్తగా, బెల్టుకూ ఫ్యానుకూ చెయ్యి దూరంగా ఉంచి, కొద్దికొద్దిగా కదిలించండి. ఎక్కడ కదిలిస్తే ఇంజిన్ తడబడుతుందో అక్కడే జబ్బు ఉంది. వేడిలో వచ్చే లోపం కాబట్టి బండి అరగంట తిరిగొచ్చాకే ఈ పని చేయండి.

గోదారమ్మాయి
ఎలక్ట్రీషియన్ గారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ఇందాక మీతో విభేదించాను కానీ, ఇలా వివరించే మెకానిక్‌కు ఐదు వందలు కాదు, వెయ్యి అడిగినా సంతోషంగా ఇస్తాను.

పాతవ్యాగన్_బెజవాడ
దొరికింది. సెన్సార్ కప్లర్ నుంచి జానెడు దూరంలో ఒక వైరును ఎవరో ఎప్పుడో కత్తిరించి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారు. వేడికి ఆ టేపు జారిపోయింది, లోపల రాగి తీగ చిలుము పట్టి ఆకుపచ్చగా మారింది. అక్కడ వేలితో తాకగానే ఇంజిన్ ఆగిపోయింది. మా వీధి ఎలక్ట్రీషియన్ చేత ఆ ముక్క కోయించి, కొత్త వైరు వేయించి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగించాను. రెండు వందలు తీసుకున్నాడు. సెన్సార్ మార్చలేదు. ఆ తర్వాతే కోడ్ చెరిపాను. నిన్న మధ్యాహ్నం ఎండలో బెంజి సర్కిల్ నుంచి మంగళగిరి దాకా వెళ్లి వచ్చాను, ఎక్కడా ఆగలేదు. రాత్రి మళ్లీ చదివాను, కోడ్ ఏదీ లేదు.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్
మంచి పని చేశారు. ఆ స్లీవు మీద కాలిపోని గొట్టం కూడా తొడిగి, ఇంజిన్‌కు తగలకుండా వైరును క్లిప్పుతో కట్టించండి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి చదివి చూడండి.

కె_లైన్
అడాప్టర్‌ను సాకెట్‌లో వదిలేయకండి. 16వ పిన్నులో తాళం తీసినా కరెంటు ఉంటుంది కనుక, బండి వారం రోజులు కదలకపోతే చిన్న బ్యాటరీ దిగిపోతుంది. మా ఇంట్లో అలాగే జరిగింది.

పాతవ్యాగన్_బెజవాడ
అలాగే తీసి గ్లవ్ బాక్సులో పెట్టాను, పక్కనే గోదారమ్మాయి గారు చెప్పినట్లు నోటుపుస్తకం కూడా పెట్టాను.

మరో_జెన్_బెజవాడ
నా దగ్గర 2004 జెన్ ఉంది, లైటు ఆరు నెలలుగా వెలుగుతూనే ఉంది. సాకెట్‌లో 7 ఉంది, 6, 14 లేవు. ఇదే అడాప్టర్ నా బండికి పనికొస్తుందో లేదో కొనక ముందు తెలుసుకునే మార్గం ఉందా?

పాతవ్యాగన్_బెజవాడ
ఆదివారం ఉదయం ఎనిమిది లోపు పటమట రైతు బజారు దగ్గరకు బండి తీసుకురాగలరా? నా అడాప్టర్, పాత ఫోను తెస్తాను. తగిలించి చూద్దాం. కలిస్తే కొనండి.